‘పిచ్చి ప్రశ్న అనుకోకన్నా’ అనకుండా అడిగే చోటు మనకీ కావాలి



పోయిన నెల ఒక తమ్ముడు వాట్సాప్‌లో వాయిస్ పంపాడు. "అన్నా, పిచ్చి ప్రశ్న అనుకోకు. ఇంట్లో పాట రికార్డు చేస్తే బావిలో కూర్చొని పాడినట్టు వస్తుంది. ఫోన్ మార్చాలా?" కిందనే పాట కూడా పెట్టాడు. మా కోయోళ్ళలో చిన్నపిల్లలకి కూడా వచ్చే రేల పాట. గొంతు బాగుంది. కానీ ప్రతి మాట వెనకాల అదే మాట ఇంకోసారి పరిగెత్తుకొస్తున్నట్టుంది.

నేనూ ఏదో పెద్ద తెలిసినోడిలాగా వెంటనే టైపు చేశా. ఫోన్ బాగానే ఉంది, గది ఖాళీగా ఉంది, గోడలకి దుప్పట్లు కట్టు, పరుపు ఉంటే వెనకాల నిలబెట్టు, గోడకి మరీ దగ్గరగా కూర్చోకు అని. వాడు చేశాడు, కొంచెం తగ్గింది. రాత్రి మళ్ళీ వాయిస్. "పాత ఇంట్లో ఇట్లా ఉండేది కాదన్నా. అక్కడ ఏ మూల కూర్చొని పాడినా బాగుండేది."

వాళ్ళది పోలవరం ముంపు ఊరు. ఇప్పుడుండేది పునరావాస కాలనీలో.

వాడు చెప్పింది నిజమే. బెంగతో అన్న మాట అనుకుని వదిలేయాల్సింది కాదు. పాత ఇల్లు మట్టి గోడలు. చేత్తో మెత్తిన గోడ ఎక్కడా అద్దంలాగా చదునుగా ఉండదు కాబట్టి శబ్దం తగిలితే తలో దిక్కుకి చెదిరిపోతుంది. పైన గడ్డి కప్పు మిగతాది పీల్చేసుకుంటుంది. మూలన వడ్ల బస్తాలు, దండెం మీద బట్టలు, అటకమీద ఏదో ఒకటి. పట్నంలో వేలు పెట్టి గోడలకి స్పాంజి పలకలు అంటించేది సరిగ్గా ఈ పని కోసమే. కాలనీ ఇల్లు అట్లా కాదు. ఎదురెదురుగా నాలుగు సిమెంటు గోడలు, పైన శ్లాబు, కింద నున్నటి గచ్చు, లోపల సామాను తక్కువ. గొంతు ఒక గోడకి తగిలి ఎదుటి గోడకి, మళ్ళీ ఇటు, అట్లా తిరుగుతూనే ఉంటుంది. (గడ్డి ఇల్లే మేలు, శ్లాబు వద్దు అని నేను అనట్లేదు. వానాకాలం కారే కప్పు కింద గిన్నెలు పెట్టుకొని పడుకున్నోళ్ళం. ఆ ఇంట్లో పాట బాగా రికార్డయ్యేది అని మాత్రమే అంటున్నా.)

ఇదే ప్రశ్న బయట ఎక్కడైనా అడిగితే దుప్పటి దగ్గరే ఆగిపోతుంది. నా జవాబు కూడా అక్కడే ఆగింది కదా. ఆ రెండో వాయిస్ వాడు నాకు పంపాడంటే, ఎందుకు పంపుతున్నాడో వివరించాల్సిన పని లేదని వాడికి తెలుసు కాబట్టి. అందుకే ఈ పోస్టు. ఇళ్ళలో, ఫోన్‌లో, పాత ల్యాప్‌టాప్‌లో పాట రికార్డు చేసుకోవడం నేర్చుకుంటున్న మన పిల్లలకి, మొదటి ప్రశ్న భయం లేకుండా అడగడానికి మనదైన చోటు ఒకటి ఉండాలి. సరదా వ్యవహారం అనుకోవద్దు. అది లేక ఇప్పటికే కొన్ని పాటలు పోగొట్టుకున్నాం.

ముందు ఆ ‘పిచ్చి ప్రశ్న’ సంగతి. మా మండలంలో పదకొండు మందితో ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టుకున్నాం, కేవలం రికార్డింగ్ డౌట్ల కోసం. వచ్చే ప్రశ్నల్లో సగం అట్లానే మొదలవుతాయి. పిచ్చి ప్రశ్న అన్నా, నవ్వకండి అక్కా, ఇది కూడా తెలియదా అనుకోకండి. ఇది ఎక్కడ నేర్చుకున్నామో మనందరికీ తెలుసు. ఆశ్రమ పాఠశాలలో చెయ్యెత్తి అడిగితే, నోట్లోంచి తెలుగు మధ్యలో ఒక కోయ మాట జారితే, క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వారు. ఆ తర్వాత చెయ్యెత్తడం మానేశాం. డిగ్రీకి పోయినా ఎత్తలేదు. ఇప్పుడు ఇరవై రెండేళ్ళ మనిషి, ఐదొందలు పెట్టి కాలర్ మైకు కొనుక్కుని, అది ఫోన్‌కి ఎందుకు పని చేయట్లేదో ఎవర్నీ అడగలేక నెల రోజులు పెట్టెలో పెట్టేశాడు. దాని పిన్నుకి మూడు గీతలు ఉంటే ఫోన్‌కి, రెండు గీతలు ఉంటే కెమెరాకి. మామూలుగా అంతే తేడా. చిన్న కన్వర్టర్ వైరు వేస్తే అయిపోయేది.

ఆ నెల రోజులు పోతే పోయాయి. అడగకపోవడం వల్ల ఇంకా పెద్దవి పోతాయి.

మా పక్క ఊరి అక్క ఒకామె. పేరు రాయను, ఆమెకి ఇష్టం లేదు. వాళ్ళమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పెళ్ళి పాట, తను కట్టిన ఇంకో పాట, రెండూ టౌన్‌లో ఒక స్టూడియోకి పోయి పాడింది. డబ్బులు ఆమే కట్టింది. కూలి డబ్బులు. స్టూడియో ఆయన "శ్రుతి తప్పుతుందమ్మా, నేను సరిచేస్తా" అన్నాడు. కీబోర్డు వేశాడు, డీజే బీటు వేశాడు, ఆమె గొంతుని ఆటోట్యూన్‌లో వేసి ఇస్త్రీ చేశాడు. పాట వాళ్ళ ఛానెల్‌లో ముందు ఎక్కింది. ఆమె పేరు కింద వివరాల్లో కూడా లేదు. కొన్నాళ్ళకి ఈమె తన ఫోన్‌లో అదే ట్రాక్ పెట్టి వీడియో ఎక్కిస్తే యూట్యూబ్ నుంచి కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. తన గొంతు మీద తనకే. ఆమె భయపడి వీడియో తీసేసింది. పోలీసులు వస్తారేమో అని కూడా అనుకుందట.

ఆ రోజు ఆమె అడిగి ఉండాల్సిన ప్రశ్నలు మూడే మూడు. ఎవరి ఛానెల్‌లో పెడతారు? నా పేరు ఎట్లా వేస్తారు? నా గొంతు ఒక్కటే ఉన్న ఫైలు నాకు విడిగా ఇస్తారా? అవి అడగొచ్చని ఆమెకి చెప్పేవాళ్ళు లేరు. క్లెయిమ్ వచ్చాక కూడా ఎవరూ లేరు. క్లెయిమ్ అంటే కేసు కాదు, కంప్యూటర్ రెండు శబ్దాలు పోల్చి చూసి వేసే గుర్తు అని, దానిమీద అక్కడే డిస్ప్యూట్ పెట్టొచ్చని, అవతలివాళ్ళు 30 రోజుల్లోపు జవాబు చెప్పాలని ఆమెకి తెలిస్తే వీడియో తీసేసేది కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కి నిర్మాత అంటే ఆ పనికి చొరవ, బాధ్యత తీసుకున్న మనిషి. మిషన్ ఎవరిదన్నది కాదు లెక్క. డబ్బు కట్టి, పాట తెచ్చి, మనుషుల్ని పోగేసిన ఆ అక్క నేనే నిర్మాతని అని గట్టిగా నిలబడొచ్చు. పాడినవాళ్ళకి ప్రదర్శకుల హక్కు అని విడిగా ఉంది. 2012 సవరణ తర్వాత, ఇది పాడింది నేనే అని పేరు చెప్పించుకునే హక్కు కూడా చట్టంలో రాశారు. కానీ కాగితం మీద ఒక్క ముక్క రాసుకోకపోతే ఇవన్నీ వాదించుకోవడానికే సరిపోతాయి. ఒక తెల్ల కాగితం, రెండు సంతకాలు, ఒక ఫోటో. స్టూడియో మెట్లెక్కే ముందు.

అన్నా, ఇంటర్నెట్‌లో ఇట్లాంటివి అడగడానికి బోలెడు చోట్లు ఉన్నాయి కదా అంటారు కొందరు. ఉన్నాయి. నేను నేర్చుకున్నదంతా అక్కడే. గేర్‌స్పేస్, రెడ్డిట్‌లో పెద్దపెద్ద స్టూడియోల్లో పని చేసినవాళ్ళు కూర్చొని, ఎక్కడో పడకగదిలో గిటార్ పట్టుకున్న పిల్లాడికి ఓపిగ్గా చెప్తారు. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితమని, పైసా కట్టక్కర్లేదని నాకు తెలిసింది అట్లాగే. ల్యాప్‌టాప్‌లో పాట వింటూ పాడితే గొంతు ఆలస్యంగా వినపడటానికి కారణం బఫర్ సైజు అని, దాన్ని తగ్గించాలని తెలిసింది అక్కడే. వాళ్ళకి నా దండం. మనోళ్ళు ఇంగ్లీషు వచ్చినవాళ్ళు అక్కడికి పోవాలి, చదవాలి, అడగాలి కూడా.

అయితే ఒకసారి నేను మా డోలు గురించి అడిగా. డోలు కొడుతుంటే గొంతు మునిగిపోతుంది, ఏం చేయాలి అని. వచ్చిన మొదటి జవాబు, విడివిడిగా రికార్డు చెయ్యి. ముందు మెట్రోనోమ్ పెట్టుకో, టిక్ టిక్ వింటూ డోలు ఒక్కటే కొట్టు, తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకొని పాడు. మంచి మనసుతోనే చెప్పాడు, వాళ్ళ పాటకి అదే పద్ధతి. మేం ప్రయత్నించాం కూడా. మామ డోలు పట్టుకొని, చెవిలో టిక్ టిక్ పెట్టుకొని, రెండు నిమిషాలు కొట్టి తీసి కింద పెట్టేశాడు. "ఆడేవాళ్ళు లేకుండా ఎవరికి కొట్టాలిరా?" అన్నాడు. ఆడవాళ్ళు చేయీ చేయీ పట్టుకొని వరస కట్టి అడుగు వేస్తుంటే దాన్ని చూసి డోలు నడుస్తుంది. అడుగు ఊపందుకుంటే డోలు ఊపందుకుంటుంది, పాట దాని వెంట పోతుంది. మొదలెట్టిన వేగం, ముగించిన వేగం ఒకటి కావు. మెట్రోనోమ్‌కి ఇది తప్పు. మాకు అదే పాట.

చివరికి దారి దొరికింది మా పదకొండు మందిలోనే. అందరూ కలిసే పాడాలి, ఆరుబయట, వరస కట్టి. ఫోన్ నోరు, అంటే కింద చార్జింగ్ పెట్టే చోటు దగ్గరుండే మైకు, ముందు పాట ఎత్తుకునే అక్క వైపు, ఆమెకి రెండు మూడు జానెడుల దూరంలో. డోలు పదిహేను ఇరవై అడుగుల వెనక్కి. ఇంకొకటి ముఖ్యం. ఫోన్‌లో మామూలు రికార్డర్ తనంతట తానే సౌండు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. డోలు దెబ్బ పడగానే అది బెదిరి మొత్తం తగ్గించేస్తుంది, దెబ్బతోపాటు గొంతు కూడా కిందికి పోతుంది. తర్వాత మెల్లగా లేస్తుంది. అందుకే మన రికార్డింగుల్లో గొంతు ఊపిరి ఆడక లేచి పడుతున్నట్టు ఉంటుంది. ఆ ఆటో అనేదాన్ని ఆపగలిగే యాప్ వాడి, లెవెల్ మనమే పెట్టుకొని, డోలు గట్టిగా కొట్టినప్పుడు కూడా మీటరు ఎర్రకి తగలకుండా చూసుకోవాలి. నాయిస్ తగ్గించే ఆప్షన్ కూడా ఆపేయండి. అది డోలు మోతని, వెనకాల గుంపు గొంతుల్ని చెత్త అనుకుని ఊడ్చేస్తుంది.

ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి, తొందరగా చెప్పేస్తా. ల్యాప్‌టాప్‌లో బుర్రుమని శబ్దం వస్తే ముందు చార్జర్ పీకి బ్యాటరీ మీద చేయండి. మన ఊళ్ళ కరెంటుకి ఎర్తు సరిగ్గా ఉండదు, చాలాసార్లు అదే కారణం. రికార్డు చేసింది వేవ్ ఫైలుగా దాచండి, ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు. స్టీరియోలో నిమిషానికి పది ఎంబీ దాకా అవుతుంది, మెమరీ కార్డు కొనుక్కోండి. వాట్సాప్‌లో పంపితే వాయిస్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఉన్నది ఉన్నట్టు పోతుంది. సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కినప్పుడు పంపండి, తొందరేం లేదు. రేకుల ఇంట్లో వాన పడేటప్పుడు మాత్రం ఏ యాప్ కాపాడలేదు, టీ తాగండి.

కానీ మిషన్ సంగతులు తెలిసినవాళ్ళు మాత్రమే ఉంటే ఆ చోటు సగమే. ‘శ్రుతి తప్పింది’ అని స్టూడియో ఆయన ఆ అక్కకి అన్నాడు చూడండి, అది నిజంగా తప్పిందా, లేక ఆ పాట నడకే అదా? ఈ ప్రశ్నకి నేను చెప్పలేను. అమెరికాలో సౌండ్ ఇంజనీరూ చెప్పలేడు. వాళ్ళమ్మమ్మ చెప్పాలి. మేం ఒకసారి ఒక పాటని నీట్‌గా, ఒక్క గొంతుతో రికార్డు చేసి మా ఊరి అవ్వకి వినిపించాం. విని, "మిగతాది ఏది?" అంది. మిగతాది ఏంటవ్వా అంటే, ఒకళ్ళు ఎత్తుకుంటే వెనకాల అందుకునేవాళ్ళు ఉండాలి కదా, సగం పాట తెచ్చి వినిపిస్తారేందిరా అని. మేం సిగ్గుపడ్డాం. అప్పటినుంచి మా గ్రూపులో ఏ పాట పెట్టినా, ఇంటి పెద్దవాళ్ళకి వినిపించి వాళ్ళేమన్నారో కింద రాయాలని పెట్టుకున్నాం. వాళ్ళకి ఫోన్ వాడటం రాదు. మనం వాళ్ళ మాట వాయిస్‌లో తీసి పెడితే చాలు. కోయలోనే.

ఇంకో మాట కూడా పెద్దవాళ్ళనే అడగాలి. ఈ పాట రికార్డు చెయ్యొచ్చా? పెళ్ళి పాటలు, పని పాటలు, రేల పాటలు వేరు. వేల్పు కథలు వేరు. అవి ఏ గట్టుకి చెందినవాళ్ళు ఏ పండగకి ఎవరి ఎదుట చెప్పాలో కట్టుబాటు ఉంది. దాచుకోవడానికి రికార్డు చేసుకోవడం, లోకానికి ఎక్కించడం ఒకటి కాదు. చట్టం ఇక్కడ మనకి పెద్దగా సాయపడదు. ఈ పాట రాసిందెవరు అని ఒక మనిషి పేరు అడుగుతుంది, తరతరాల గోత్రం పేరు చెప్తే రాసుకోవడానికి దానికి గడి లేదు. అందుకని ఏది బయటికి పోవాలో, ఏది పోకూడదో మనమే కూర్చొని తేల్చుకోవాలి. మైకు ప్రశ్న కంటే ముందు ఆ ప్రశ్న.

సకిని రామచంద్రయ్య గారు 2024 జూన్‌లో పోయారు. కోయ వేల్పు కథలు కంచుమేళంతో చెప్పిన మనిషి, 2022లో పద్మశ్రీ ఇచ్చారు. అదే ఏడు అక్టోబర్‌లో ఆదిలాబాద్ మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారు పోయారు. ఆయనకి 2021లో పద్మశ్రీ. వాళ్ళ గురించి టీవీల్లో వచ్చింది, వీడియోలు కొన్నైనా ఉన్నాయి. పద్మశ్రీ రాని పెద్దవాళ్ళు మన ఊరి ఊరికీ ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చున్న మనవడి చేతిలో ఫోన్ ఉంది. 2011 లెక్కల్లో కోయ మాట్లాడేవాళ్ళం సుమారు 4 లక్షలు, గోండి సుమారు 30 లక్షలు. రెండు భాషలూ ఎనిమిదో షెడ్యూల్‌లో లేవు. ఎవరో వచ్చి రికార్డు చేస్తారని కూర్చుంటే, వస్తారు కూడా, వచ్చి వాళ్ళ పేరు మీద పట్టుకుపోతారు.

మన ఉద్యమంలో కొందరు అన్నలకి ఈ పోస్టు నచ్చకపోవచ్చు. పోడు పట్టాలు తేలలేదు, జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది, ఉద్యోగాలు పోతున్నాయి, నువ్వు మైకులు, దుప్పట్లు అంటావేంటి అని ఒక అన్న నా ముఖం మీదే అన్నాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. నేనూ ఆ ధర్నాల్లో కూర్చున్నవాణ్ణే. కానీ అదే అన్నని అడుగుతున్నా. ధర్నా దగ్గర జనం లేచి నిలబడింది ఉపన్యాసానికా, పాటకా? ఆ పాట మన దగ్గర ఏ ఫైలుగా ఉంది? ఎవరి ఫోన్లోదో, ఎవరో ఫార్వర్డ్ చేసిందో, సగం పగిలిన శబ్దం. మొన్న సభకి పాట కావాలంటే ఇంకొకళ్ళ ఛానెల్ నుంచి దింపుకొని, మధ్యలో వాళ్ళ ప్రకటనతో సహా వినిపించాం.

మా వల్ల జరిగిన తప్పు కూడా చెప్పాలి. గ్రూపులో ఒక చెల్లి తన పాట పెట్టి, ఇందులో గాలి చప్పుడు ఎట్లా తీయాలి అని అడిగింది. మావాడొకడు "ముందు పాడటం నేర్చుకో" అని నవ్వే బొమ్మ పెట్టాడు. ఇంకో ఇద్దరు దానికి నవ్వారు. నేను చూసి కూడా సాయంత్రం దాకా ఏమీ అనలేదు, పనిలో ఉన్నా అని నాకు నేనే చెప్పుకున్నా. ఆ చెల్లి మళ్ళీ ఏమీ అడగలేదు. తర్వాత వాడితో క్షమాపణ చెప్పించాం. గ్రూపులోనే ఉంది కానీ మాట్లాడట్లేదు. ఆశ్రమ పాఠశాల సారు చేసిందే మేం చేశాం కదా. ఇప్పుడు ఆడపిల్లలకి విడిగా ఒకటి పెట్టారు, నడిపేది వాళ్ళే, అందులో మేం లేం. గాలి చప్పుడుకి జవాబు వాళ్ళే కనుక్కున్నారు. మైకు మీద పాత ఉన్ని టోపీ ముక్క చుట్టారట.

మన్యంలో, ఏజెన్సీలో, ఆదిలాబాద్ గూడేల్లో, అరకు వైపు ఇట్లా ఇంట్లో కూర్చొని రికార్డు చేసుకుంటున్న పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారని తెలుసు. ఎవరికి వాళ్ళు పెట్టెలో మైకు పెట్టుకొని కూర్చోకుండా, ఈ పోస్టు కింద మీ ప్రశ్న రాయండి. కోయలో, గోండిలో, కువిలో, తెలుగులో, ఎట్లా వస్తే అట్లా. రాయడం రాకపోతే ఎవరితోనైనా రాయించండి. ‘పిచ్చి ప్రశ్న’ అని మొదలెట్టొద్దు, అదొక్కటే షరతు. తెలిసినవాళ్ళు జవాబు చెప్పండి, ఎవరైనా వెటకారం చేస్తే ఈసారి సాయంత్రం దాకా ఆగను.

ముందు నాదే అడుగుతా. చలికాలం మంచుకి డోలు తోలు వదులైపోతుంది. మంట దగ్గర కాచి బిగిస్తాం, మోత బాగా వస్తుంది. కానీ రెండు పాటలు అయ్యేసరికి మళ్ళీ దిగిపోతుంది, మొదటి పాటకీ మూడో పాటకీ డోలు వేరే డోలులాగా వినపడుతుంది. మధ్యమధ్యలో ఆపి కాస్తే ఆడేవాళ్ళ ఊపు పోతుంది. మంట దగ్గరే రికార్డు చేస్తే చిటపటలు పడుతున్నాయి. మీ దగ్గర ఏం చేస్తున్నారు?